గరుడకు దండ వేసిన రోజు

మీ ఇంటికి ఒక పార్సిల్ వచ్చిందనుకోండి. తెచ్చినవాడు గుమ్మం దగ్గర ఆగకుండా, "పంపినవాళ్లు దీన్ని మీ పడగ్గది బీరువాలో, పై అరలో, అక్కడున్నవి తీసేసి వాటి చోట పెట్టి రమ్మన్నారండీ" అంటూ చెప్పులతోనే లోపలికి నడిచాడు. మీరేం చేస్తారు? చెయ్యి పట్టుకుని బయటికి ఈడుస్తారా, లేక "పంపినవాళ్లు చెప్పారంటే ఏదో కారణం ఉండే ఉంటుంది" అని బీరువా తాళం చేతికిస్తారా? ఈడుస్తామనే అంటారు, నాకు తెలుసు. మరి అదే పని మీ కంప్యూటర్లో జరుగుతోందేమోనని ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. చూడమని అడిగినందుకు ఒకప్పుడు నా ఉద్యోగం పండగ పూట నడివీధిలో నిలబడింది. ఆ ముచ్చట చెబుతాను, నవ్వుకోండి. నవ్వుకున్నాక మీతో ఒక పనుంది.

నాకు ప్రతిదాన్నీ "ఎందుకు?" అని అడిగే జబ్బు బాగా ముదిరి ఉన్న కాలమది. ఖమ్మంలో మా మేనమామ హేతువాద సభలు పెట్టేవాడు. నిప్పుల మీద ఎలా నడవొచ్చో, గాల్లోంచి విబూది ఎలా రాల్చొచ్చో వేదిక మీద ఆయన చేసి చూపిస్తుంటే నేను కింద కుర్చీలు సర్దేవాణ్ణి. కాస్త పెద్దయ్యాక వేదిక ఎక్కి వాదించేవాణ్ణి. చదువు అయిపోయి బెంగళూరులో ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో అందరూ మంచిరోజు వెతుకుతుంటే, నేను క్యాలెండర్లో అమావాస్య వెతుక్కుని ఆ రోజే రైలెక్కాను. మా పెద్దమ్మ స్టేషన్‌కు రాలేదు. "ఆ ఉద్యోగం ఆరు నెలలు నిలబడనీ, అప్పుడు మాట్లాడు నాతో" అని ఫోన్ పెట్టేసింది. కంపెనీవాళ్లు నాకిచ్చిన ప్రొబేషన్ కూడా ఆ ఆరు నెలలే. కాబట్టి ఉద్యోగం పోవడమంటే నాకు జీతం పోవడం ఒక్కటే కాదు, చుట్టాలందరి ముందూ అమావాస్య గెలవడం. (కె.ఆర్.పురంలో నాతో గది పంచుకున్న ఇద్దరూ ఈ అమావాస్య కథ ఎన్నిసార్లు విన్నారో ఏమో, నేను నోరు తెరవగానే హెడ్‌ఫోన్లు వెతుక్కునేవాళ్లు.)

మా కంపెనీ చిన్నది. హోసూరు రోడ్డు పొడవునా బొమ్మసంద్రలో, అత్తిబెలెలో రేకులు వంచే, అచ్చు కొట్టే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి కదా. వాటిలోని ప్రెస్సు యంత్రం ఎంత కిందికి దిగాలి, ఎంత బలంగా నొక్కాలి, ఎక్కడ ఆగాలి అన్న కొలతలన్నీ ఫైళ్లుగా ఉంటాయి. యంత్రాలు తయారుచేసేవాళ్లు ఆ ఫైళ్లను తమ సైట్లో పెడతారు. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి వాటిని దించుకుని ఫ్యాక్టరీలకు చేర్చడం మా పని. ఆ దించే పని చేసే సాఫ్ట్‌వేర్ పేరు గరుడ. దాన్ని రాసింది మా కంపెనీ యజమాని, మా పెద్దసారు. ఎప్పుడో తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం వాళ్లది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపంలో రెండూ. తన గది గోడకు గరుడ మొదటి పేజీని ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి తగిలించుకున్నారు. దానికి హారతి ఇవ్వగా నేను చూడలేదు. చూశామని చెప్పేవాళ్లు ఉండేవాళ్లు.

గరుడలో లోపం ఉందని నేను పెద్ద తెలివి ఉపయోగించి కనిపెట్టానని చెప్పుకోవాలని నాకూ ఉంది. కానీ జరిగింది వేరు. ఆఫీసులో అడుగు పెట్టగానే గోడ మీద ఒక పెద్ద టీవీ. అందులో ఒక పక్క క్యాంటీన్ మెనూ, ఇంకో పక్క పెద్దసారు స్వయంగా రాసే 'నేటి మాట'. రెంటినీ తెచ్చిపెట్టేది గరుడే. కొత్తవాణ్ణి కాబట్టి మెనూ ఫైలు పంపే ఘనకార్యం నాది. ఒక రోజు ఫైలుకు పేరు పెడుతూ, ఇంకెక్కడినుంచో కాపీ చేసిన ఫోల్డరు దారిని కూడా ఆ పేరుకు అతికించేశాను. 'ఒక మెట్టు పైకెక్కి, పక్క గదిలోకి వెళ్లు' అని దాని అర్థం. బుద్ధున్న సాఫ్ట్‌వేరయితే "నువ్వు పేరు చెప్పు చాలు, ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలుసు" అనాలి. గరుడ అనలేదు. పంపినవాడు చెప్పిన దారినే బుద్ధిగా నడిచివెళ్లి, పక్క ఫోల్డర్లో ఉన్న పెద్దసారు మాటను చెరిపేసి, దాని చోట నా మెనూను కూర్చోబెట్టింది. పొద్దున్నే టీవీ మీద తామరపూల అంచు మధ్య, బంగారు రంగు అక్షరాల్లో, "నేటి మాట: బిసిబేళెబాత్, బూందీ, పెరుగన్నం, అప్పడం."

అకౌంట్స్ చూసే పెద్దాయన ఒకరు దాని ముందు చాలాసేపు నిలబడి, "నిజమే, ఇంతకు మించి ఏముంది జీవితంలో" అని తలూపి వెళ్లిపోయారు. మామూలు రోజుల మాటల కంటే ఆ రోజు మాటకే మెచ్చుకోళ్లు ఎక్కువ వచ్చాయని నా నమ్మకం. (హేతువాదికి నమ్మకాలు ఉండకూడదు. కానీ దీనికి సాక్ష్యం ఉంది, సారును మెచ్చుకుంటూ వచ్చిన మెయిళ్లు ఆఫీసందరికీ కాపీ వెళ్లాయి.) నేను బాత్రూంలోకి పోయి కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయాను. మెనూ పంపేవాడు సారు మాటను చెరపగలిగితే, ప్రెస్సు ఫైలు పంపేవాడు దేన్ని చెరపగలడు? గరుడనే చెరిపేసి, దాని పేరుతోనే ఇంకోదాన్ని కూర్చోబెట్టగలడు. ఆ ఇంకోటి రేపు ప్రెస్సుతో "ఇంకా కిందికి దిగు" అంటే, దాని కింద చేతులు పెట్టి రేకు సర్దుతున్న మనిషి మాటేమిటి?

నేరుగా సారు గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమప్పా, గరుడ ఎన్ని ఏండ్ల నుంచి ఉండాదో గొత్తా, తెలుసా నీకు? ఒక్క దినమన్నా ఏమన్నా ఆయెనా?"

"కాలేదు సార్. ఇంతవరకూ ఎవరూ ప్రయత్నించలేదేమో..."

"ఆఁ. ఎవరూ చేయనిది నువ్వు చేసి, నాకు కష్టం చెప్తా ఉండావు. సుమ్నే, ఊరికే ఉండప్పా. మెనూలో బూందీ అని రాసినావు, క్యాంటీన్‌లో పెట్టింది పాయసం. ముందు అది సరి చెయ్యి."

అంతే, అయిపోయింది. నేను మండిపోతూ బయటికి వచ్చాను. ఇది మూఢనమ్మకం కాకపోతే ఏమిటి? పిల్లి ఎదురొస్తే పని చెడుతుందని నమ్మేవాడికైనా ఒక పిల్లి కావాలి. ఇక్కడ అదీ లేదు. తాళం వెయ్యని ఇంట్లో ఇన్నాళ్లూ దొంగ పడలేదంటే అది తలుపు గొప్పతనమా, దొంగకు అడ్రసు తెలియకపోవడమా? కోటు, టై, ఇంగ్లిషు చదువు, ఏసీ గది అన్నీ ఉన్నంత మాత్రాన మనం ఆలోచిస్తున్నట్టు కాదని ఆ రోజు నాకు అర్థమైంది. మా మామ ఊళ్లలో తిరిగి దయ్యం పట్టినవాళ్ల దగ్గర పడ్డ పాట్లన్నీ వృథా. ఆయన హోసూరు రోడ్డు మీదికి రావాల్సింది.

నాకు తోడు దొరికిన మనిషిని చూసి మా మామ అయితే నోరు వెళ్లబెట్టేవాడు. మా దగ్గర సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పని, మేమంతా గుంటూరక్క అని పిలిచే ఆవిడది. ఆమె తల్లి నర్సు, తమ్ముడు పాస్టరు. అక్క ప్రతి ఆదివారం చర్చిలో పాటలు పాడుతుంది, క్యాంటీన్లో కూడా కళ్లు మూసుకుని ప్రార్థన చేశాకే ముద్ద ఎత్తుతుంది. చేరిన మొదటి వారంలోనే నేను ఆమెతో దేవుడి మీద వాదనకు దిగితే, "అన్నం చల్లారిపోద్ది అబ్బాయ్, తిన్నాక ఓడిస్తాలే" అంది. తిన్నాక ఓడించింది కూడా. (ఈ సంగతి మామకు ఇప్పటికీ చెప్పలేదు.) గరుడ విషయం చెప్పగానే ఆమె ఒక్కటే మాట అంది, "చూపించు." చూపించాను. "ఇంకోసారి." చూపించాను. తర్వాత నన్ను పక్కకు జరిపి, తనే కూర్చుని, రకరకాల ఫైళ్లతో గరుడను అటు పంపి ఇటు పంపి చూసింది.

"నువ్వు చెప్పావని నమ్మలా, సారు కాదన్నారని మానలా. ఎటు పంపితే అటు పోతంది గదా, ఇది బొక్కే అబ్బాయ్."

"దేవుణ్ణి కూడా ఇలా పరీక్ష చేసి చూడొచ్చు కదక్కా?"

"ఆయనేం నాకు సాఫ్ట్‌వేర్ డెలివరీ ఇవ్వలేదు. ఇచ్చిన రోజు చేస్తా. నువ్వు కుర్చీ లాక్కో, సారుకి రాద్దాం."

రాశాం. సారు ఒక్క ముక్కలో జవాబిచ్చారు, "పండగ అయినాక చూస్తాము."

ఆ పండగ ఆయుధపూజ. బెంగళూరులో ఆ రోజు చూసి తీరాలి. ఆటోలకు అరటి పిలకలు, బస్సు చక్రాల కింద నిమ్మకాయలు, లేతు మెషీన్ల నుదుట బొట్లు, రోడ్ల నిండా పగిలిన బూడిదగుమ్మడికాయల ముక్కలు. వాటి మీద బైకులు జారి జనం పడుతుంటే దిష్టి పోయిందంటారు. (పడ్డవాడి మోకాలి చర్మం కూడా పోతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.) మా ఆఫీసులో ఆయుధమంటే కంప్యూటర్. ప్రతి తెరకూ విబూది, కుంకుమ. గరుడ ఉండే పెద్ద కంప్యూటర్‌కు మాత్రం పెళ్లికొడుకు వైభోగం: దాని ఒళ్లు కనపడకుండా చామంతి దండలు, మామిడాకులు, మిలమిల వెలిగే సీరియల్ లైట్లు, ముందు మరమరాలు, బత్తాసులు. ఒకసారి పూజలో కూర్చోబెట్టాక మర్నాడు మంగళహారతి అయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు, వాడకూడదు, ఆపనూ కూడదు. ఆ కట్టుబాటు పెట్టిన వడ్రంగినీ, కమ్మరినీ నేను తప్పు పట్టను. పనిముట్టుకీ మనిషికీ ఏడాదికొక రోజు సెలవు, చాలా మంచి ఆలోచన. ఉలికి సెలవిస్తే ఉలి ఊరుకుంటుంది. గరుడ ఊరుకోదు. దండ వేసినా, దండం పెట్టినా, పన్నెండయ్యేసరికి దానంతటది లేచి పనిలోకి పోతుంది. ఇంత చదువుకున్న ఆఫీసులో ఈ తేడా ఒక్కరికీ తట్టలేదు.

పూజ మొదలైంది. పురోహితుడు మైకు ముందు కూర్చుని మంత్రాలు చదువుతున్నాడు. సారు పట్టుపంచెలో మెరిసిపోతున్నారు. నేను వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాను (మరమరాల మీద నాకు సిద్ధాంతపరమైన అభ్యంతరాలేవీ లేవు). అక్క తన సీట్లో కూర్చుని ఉంది. "మీ పూజ మీది, మీ బత్తాసులు మాత్రం అందరివీ" అని ముందే చెప్పి పెట్టింది. అలా ఉండగా ఆమె గొంతు తగ్గించి పిలిచింది.

"అబ్బాయ్, ఇటు రా. పరిగెత్తకుండా రా, కానీ తొందరగా రా."

తెర మీద యంత్రాలు తయారుచేసే కంపెనీవాళ్ల మెయిలు. తమ సైట్లోకి ఎవరో చొరబడ్డారట, ఫైళ్లు మార్చారని అనుమానమట, తాము మళ్లీ చెప్పేదాకా ఎవరూ ఏదీ దించుకోవద్దట. గోడ గడియారం వైపు చూశాను. పన్నెండుకు కొంచెమే తక్కువ. జనాన్ని తోసుకుంటూ వెళ్లి సారు చెవిలో చెప్పాను.

"సార్, గరుడను ఆపాలి. ఇప్పుడే."

"హారతి అయినాక."

"పన్నెండవుతోంది సార్. అది లేచి ఆ ఫైళ్లు తెచ్చేస్తుంది."

"మంత్రం నడస్తా ఉండాది, కనపడలేదా?"

"మంత్రం ఆగితే మళ్లీ మొదలుపెట్టొచ్చు సార్. అది ఒకసారి లోపలికి వస్తే..."

ఆయన హారతి పళ్లెం మీదినుంచి చూపు కదల్చకుండానే అన్నారు, "చూడప్పా, పూజలో ఉండే మెషీన్ మీద నువ్వు చెయ్యి పెడితే, ఆ చెయ్యి మళ్లా నా ఆఫీసులో కీబోర్డు మీద పడదు. చెప్పినాను."

అదీ సంగతి. మామ సభల్లో నేర్చుకున్న వాదనలన్నీ ఒక్కసారి బుర్రలోకి వచ్చాయి. వాటిలో పన్నెండులోపు ముగిసేది ఒక్కటీ లేదు. పైగా ఖమ్మంలో పెద్దమ్మ, ఆమె వెనక చుట్టాలంతా వరసగా నిలబడి నవ్వుతున్నట్టు కనిపించారు. ఏమైతే అయిందని పురోహితుణ్ణి దాటుకుని గరుడ మీదికి వంగాను. వంగితే ఏముంది, దండల కింద ఏ వైరు ఏదో కనపడితే కదా!

"పచ్చ వైరు అబ్బాయ్, పచ్చది!" అని అక్క అరిచింది.

అక్కడ అన్నీ పచ్చవే. మామిడాకులు పచ్చన, చామంతి కాడలు పచ్చన. చేతికి అందిన పచ్చ వైరు లాగాను, సీరియల్ లైట్లు ఆరిపోయాయి. ఇంకోటి లాగాను, మైకు ఆగిపోయింది. పురోహితుడి పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఇక లాభం లేదని దండలన్నిటినీ రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. గదంతా చామంతులు ఎగిరిపడ్డాయి, బత్తాసులు దొర్లాయి, అడుగున నెట్ వైరు కనిపించింది. పీకేశాను. ఎవరో "అయ్యో దేవ్రే" అన్నారు. పురోహితుడు పక్కనున్నాయన వైపు వంగి, "ఈ ఆఫీసు సంప్రదాయమాండీ ఇది?" అని అడిగాడు.

సారు అరవలేదు. హారతి పళ్లెం నెమ్మదిగా కింద పెట్టి, "నీ బ్యాగు తీసుకో" అన్నారు.

బ్యాగు భుజాన వేసుకుని వీధిలోకి వచ్చి నిలబడ్డాను. పక్కనే, పూజ చివర పగలగొట్టడానికి తెచ్చిన బూడిదగుమ్మడికాయ ఉంది. మా ఇద్దరి పరిస్థితీ ఒకటే, కాకపోతే దాని నెత్తిన కర్పూరం ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఛాతీ పొంగిపోయి, రేపు మామకు ఏ మాటలతో చెప్పాలా అని కూడా ఆలోచించుకున్నాను. ఈలోగా అక్క గబగబా బయటికి వచ్చింది.

"ఏందా నిలబడ్డం, ఫొటో దిగేవాడిలా? లోపలికి రా. పరీక్ష చెయ్యకుండా తీర్పు ఏందని సారుని అడిగా. తెర పగిలిందని మూలన పడేశారే ఒక కంప్యూటరు, దానికి ఎవరూ బొట్టు పెట్టలా. దాని మీద చేసి చూపిద్దాం."

ఆ పగిలిన కంప్యూటర్లో గరుడను ఎక్కించి, ఆఫీసులో దేనితోనూ కలపకుండా, విడిగా నెట్ ఇచ్చి, ఆ సైటు నుంచి ఆ రోజు ఫైలు దించాం. పట్టుపంచెతో సారు, చేతిలో అక్షింతలతో పురోహితుడు, వెనక ఆఫీసంతా. ఫైలు వచ్చినట్టు తెర మీద మాట పడింది. ఫైళ్లు ఉండే ఫోల్డరు తెరిస్తే ఖాళీ.

"చూసినావా? ఏమీ రాలేదు" అన్నారు సారు.

"వచ్చింది సార్. ఎక్కడికి పోయిందో చూడండి" అంది అక్క.

గరుడ ఉండాల్సిన చోట గరుడ లేదు. అదే పేరు పెట్టుకుని ఇంకేదో కూర్చుని ఉంది. సారు తెర దగ్గరికి వంగి చూశారు. ఎవరితో అన్నారో తెలియదు, "ఆ కాలంలో పంపేవాళ్లంతా మనోళ్లే కదప్పా. ఫోన్ చేసి చెప్పి పంపేవాళ్లు. వాళ్ల మీద అనుమానం పెట్టుకునేది ఎట్ల?" అన్నారు. నాకు ఆ క్షణం జాలి కలిగిన మాట నిజమే. కానీ నేను ఆ వాదనను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. మనిషి మీద నమ్మకం పెట్టుకోవడం సంస్కారం. ముక్కూ మొహం తెలియని ఫైలు మీద పెట్టుకుంటే అది బద్ధకం, అంతే.

ఇక్కడితో అందరికీ జ్ఞానోదయమై ఉంటుందని మీరనుకుంటే మీరు మా ఆఫీసు చూడలేదన్నమాట. సాయంత్రానికల్లా ఒకటే మాట, "సరిగ్గా పూజ సమయానికే బయటపడింది చూశారా, గరుడ మహిమ!" పురోహితుడికి ఇంకో పంచె కూడా పెట్టారు. నేను పీకిన వైరు ఆ కథలో ఎక్కడా లేదు. పళ్లు నూరుకుంటూ ఫైళ్లు ఎక్కడికీ దారి తప్పకుండా గరుడను సరిచేశాను, అక్క పరీక్షించింది. అసలు చిక్కు దాని తర్వాత. ప్రతి ఫ్యాక్టరీలోనూ మా దగ్గర్నుంచి ఫైళ్లు అందుకునే గరుడ ఒకటి ఉంది. ఒక రోజు మా దగ్గర ఫైలు దొరక్కపోతే, మర్నాడు నేరుగా ఆ సైటుకే వెళ్లి తెచ్చుకునేలా సారు ముందుచూపుతో రాశారు. అంటే రేపు పన్నెండులోపు అన్ని ఫ్యాక్టరీల్లోనూ పాత గరుడ పోయి, మేము మెయిల్లో పంపే కొత్తది రావాలి.

"'చిన్న మెరుగుదల' అని రాసి పంపు" అన్నారు సారు.

"లోపం ఉంది, రేపు పన్నెండులోపు మార్చండి అని రాస్తాను సార్. మెరుగుదల అంటే పండగ పూట ఎవడు లేస్తాడు?"

"మన మర్యాద ఏం కావాలప్పా? నీ బ్యాగు ఇంకా గుమ్మం దగ్గరే ఉండాది, జ్ఞాపకం పెట్టుకో."

"పెట్టుకున్నాను సార్. సర్దుకునే పని కూడా లేదు, అందుకే ధైర్యంగా మాట్లాడుతున్నాను."

అక్క మధ్యలోకి వచ్చింది. "నా ఓకే లేకుండా బయటికి ఏదీ పోకూడదని మీరే గదా సార్ పెట్టారు. మెరుగుదల అంటే నేను ఓకే ఇవ్వను. నిజం రాస్తే ఇప్పుడే ఇస్తా."

సారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి చివరికి దిగివచ్చారు. "సరే, నిజమే రాయండి. కానీ పండగ పూట అశుభంతో మొదలు పెట్టకూడదు. పైన విజయదశమి శుభాకాంక్షలు అని ఉండాల." కింద నిజం ఉన్నాక పైన ఏముంటే ఏమిటని మేము ఒప్పుకున్నాం. మెయిలు శీర్షికగా విజయదశమి శుభాకాంక్షలు, రెండు పువ్వులు. లోపల, శుభాకాంక్షలన్నీ అయ్యాక, అసలు సంగతి.

మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే జవాబులు బోలెడు. "మీకూ అదే సార్." "నిమగూ శుభాశయగళు." చేతులు జోడించిన బొమ్మలు, దీపాల బొమ్మలు, ఏనుగు బొమ్మలు. ఒక్కరూ కింది దాకా చదవలేదు.

"అబ్బాయ్, మనం ప్రమాదం అని చెబితే వీళ్లు మనల్ని దీవిస్తన్నారు" అంది అక్క.

ఫోన్లందుకున్నాం. దొరికినవాళ్లందరి చేతా దగ్గరుండి మార్పించాం. అత్తిబెలెలో ఒక్క ఫ్యాక్టరీవాళ్లు మాత్రం ఎంతకీ ఎత్తలేదు. సారు గదిలోంచి వచ్చి, కారు తాళాలు తీసి, "ఎక్కండి" అన్నారు. నేను వెనక సీట్లో కూర్చుని గడియారం చూసుకుంటూ, ఇది నా ఆఖరి ఆఫీసు ప్రయాణమని లెక్క వేసుకున్నాను.

ఫ్యాక్టరీలో మెషీన్లు చూసుకునే ఆయన ఎదురొచ్చి రెండు చేతులా దండం పెట్టాడు. "రాండి సార్ రాండి! మీ విష్షు వచ్చినాది, శానా సంతోషము. స్వీటు తినండి."

"లోపల చదివినావాప్పా?"

"లోపల ఏముంటాది సార్, అదే కదా, బాగుండాలని."

మూలన కంప్యూటరు. తలనుంచి కింది దాకా దండ, బటన్ మీద రూపాయంత బొట్టు, ముందు అగరుబత్తి. ఇవతల షెడ్డులో ప్రెస్సుల దగ్గర మనుషులు అప్పుడే చేరుతున్నారు. నేను ముందుకు అడుగేయగానే ఆయన అడ్డం నిలబడ్డాడు. "సార్ సార్, పూజలో ఉండాది. మా ఓనరు వచ్చి మంగళారతి చేసేదాకా ముట్టేట్లు లేదు." నేను సారు వైపు చూశాను. హారతి అయినాక అంటారని అనుకున్నాను. ఆయన ప్రెస్సుల దగ్గరున్న మనుషుల వైపు చూశారు, గడియారం చూశారు. చెప్పులు విప్పి ఆ కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, కళ్లు మూసుకుని ఒక దండం పెట్టారు. అవే చేతులతో దండ తీసి తన భుజాన వేసుకుని, వెనక్కి చెయ్యి పోనిచ్చి, మొదటిసారికే సరైన వైరు పట్టి పీకేశారు.

"తప్పయితే నాకే తగలనీ" అని ఆ మెషీన్లాయనతో అని, నావైపు తిరిగారు. "చూస్తా నిలబడుకున్నావేమప్పా? కొత్తది ఎక్కించు."

తిరిగి వచ్చేటప్పుడు చందాపుర దాటాక, అద్దంలో నన్ను చూస్తూ, "రేపు తొమ్మిదికి రా" అన్నారు. అక్క నా మోకాలి మీద ఒక్కటేసింది. నేనూరుకోవచ్చు కదా? "అయితే సార్, ఇది గరుడ మహిమ కాదని ఒప్పుకున్నట్టేనా?" అని అడిగాను. "దిగి బస్సులో వస్తావా?" అన్నారు. నోరు మూసుకున్నాను. మా మామ శిష్యుణ్ణి జీవితంలో నోరు మూయించిన వాదన అదొక్కటే.

ఇప్పుడు నా తలా నెరిసింది. ఆయుధపూజ వస్తే మా ఆఫీసులో పిల్లలు తెరలకు బొట్లు పెడుతుంటే నేనేమీ అనను, బత్తాసులు పంచే పని కూడా నెత్తిన వేసుకుంటాను. అక్క ఫోన్ చేసి "మెత్తబడ్డావు అబ్బాయ్" అని వెక్కిరిస్తుంది. ఒక్క వైరు పీకితే లోకం ఆలోచించడం మొదలుపెడుతుందని నమ్మి, బ్యాగు భుజాన వేసుకుని, ఛాతీ విరుచుకుని నడివీధిలో నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. వాడి పొగరులో సగం నా దగ్గరుంటే బాగుండునని చాలాసార్లు అనుకుంటాను. అయితే వాడు అడిగిన దాంట్లో ఒక్క అక్షరం కూడా నేను వెనక్కి తీసుకోను. బొట్టు ఎవరినీ చంపదు. "శుభాకాంక్షలే కదా" అని కింది దాకా చదవకుండా వదిలేయడం చంపుతుంది.

మీతో పని ఉందన్నాను కదా, ఇదే. మీ ఫోన్లో, మీ ఆఫీసు కంప్యూటర్లో, "లోపం సరిచేశాం, మార్చుకోండి" అని వచ్చిన సందేశం ఒకటి పడి ఉంది. ఎన్నోసార్లు "తర్వాత" అని నొక్కి పక్కకు నెట్టారు. ఇప్పుడు తెరవండి. కింది దాకా చదవండి. నమస్కారం బొమ్మ పంపడం కాదు, మార్చండి. రేపు ఆఫీసుకు వెళ్లి, ఎవరూ అడగకూడదన్న సాఫ్ట్‌వేర్ ఏదుందో దాని గురించే అందరి ముందూ నిలబడి అడగండి. జవాబు చెప్పకుండా హారతి అయ్యేదాకా ఆగమంటే, ఆగకండి. వైరు పీకండి.